మంచు కరిగే నెల

1944 మాఘమాసం. నయాపూల్ దగ్గరి ఒక సందులో, బడులకు పటాలూ భూగోళ నమూనాలూ తయారుచేసే కార్ఖానాలో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆ నెలంతా హిమాలయాలతోనే గడిచింది. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతను కాంటూర్ అంటారు. ఆ గీతల వెంట అట్టలు కోసి, ఒకదానిపై ఒకటి అతికించి, పైన ప్లాస్టర్ పూయాలి. శివాలిక్ గుట్టలు, మధ్య శ్రేణి, మంచు శ్రేణి, మొత్తం మూడు వరుసలు. వాటిమీద అక్కడి జనాల పేర్లు: గుజ్జర్లు, గద్దీలు, భోటియాలు, షెర్పాలు, లెప్చాలు. సాయంత్రానికి వేళ్ల సందుల్లో ప్లాస్టర్ ఎండి చర్మం పగిలేది.

మాకు పాలు పోసే మల్లమ్మ ఊరి శివారులోని జహనుమా నుంచి వచ్చేది. ఆమె కొడుకు నర్సింహ ఫౌజులో కంచరగాడిదలు తోలే పనికి వెళ్లాడు. కాశ్మీర్ దాటి పైకి పోతున్నామని ఒక ఉత్తరం రాయించాడు. దసరా తర్వాత మళ్లీ జాబు లేదు. మల్లమ్మ అన్న యాదయ్య కూతురే ఆ ఇంటి కోడలు. నర్సింహ ఇక రాడని, పిల్లను తీసుకుపోయి మారుమనువు చేస్తానని యాదయ్య పట్టుబట్టాడు. ఒక పొద్దున మల్లమ్మ అతన్ని వెంటబెట్టుకొచ్చి మా నమూనా ముందు నిలబెట్టింది.

"చూడన్నా, గోడల్లెక్క ఉన్నయి. గివన్ని దాటి చిట్ఠీ రావాల్నంటే దినాలు పట్టదా?"

యాదయ్య చాలాసేపు చూసి నావైపు తిరిగాడు. "నిజంగ గింత నిట్టనిలువు ఉంటయా సారూ?"

ఉండవు. మా నమూనాలో అంగుళానికి పదహారు మైళ్లు. ఆ లెక్కన అన్నిటికన్నా పెద్ద శిఖరం కూడా అంగుళంలో మూడోవంతే. కంటికి ఆనదని ఎత్తును మాత్రం ఎనిమిది రెట్లు పెంచుతాం. దీన్ని వర్టికల్ ఎగ్జాజరేషన్ అంటారు. అడిగాడు కనుక చెప్పాను. అసలు కొలతతో చేసిపెట్టుకున్న పలక కూడా చూపించాను. అతను దాన్ని అరచేత్తో నిమిరాడు.

"గిది పిడకంత మందం గూడ లేదు చెల్లె. గిది దాటి ఒక్క చిట్ఠీ రాలేదంటే ఇంకేం చెప్పాలె?"

మల్లమ్మ పాలబిందె ఎత్తుకుంది.

ఎత్తుల గురించి ఇంకేం చెప్పినా అతని చేతికి ఆ పలకే గుర్తుంటుంది. అందుకని గుజ్జర్ల పేరున్న చోటు చూపించి, వీళ్లూ మీలాగే బర్రెలు కాసేవాళ్లే అన్నాను. ఎండాకాలం మందలను పైకి తోలుకుపోతారు. చలి ముదరకముందే దిగివస్తారు. కనుమలు మంచుతో మూతపడితే అవతలివాళ్లు అవతలే.

"బర్రెలతోని దిగుతరా?"

"ఒక్క బర్రెను గూడ పైన ఉంచరు."

అక్కడ మేతేముంటుందని, పసి దూడలు ఎట్లా నడుస్తాయని యాదయ్య అడిగాడు. తెలిసినంత చెప్పాను. చివరికి మంచు ఎప్పుడు కరుగుతుందన్నాడు. పుస్తకంలో ఉన్నదే చెప్పాను. వైశాఖం, జ్యేష్ఠం.

"జ్యేష్ఠం దాంక పిల్ల నీ కాడనే ఉంటది చెల్లె. తర్వాత నన్ను ఆపకు."

నమూనా బడికి వెళ్లిపోయింది. తర్వాత వింధ్య, ఆ తర్వాత నల్లమల, అదే ప్లాస్టర్. జ్యేష్ఠం చివర ఒకరోజు మల్లమ్మ పాలు పోసి కదలలేదు. జాబు రాలేదు. మర్నాడు అన్న బండి కట్టుకొని వస్తున్నాడట.

"ఈ యేడు మంచు ఇంక కరగలేదేమో బిడ్డా. మా అన్నకు జర చెప్పరాదు?"

"కొన్ని యేండ్లు ఆలస్యమైతది. ఈ యేడు సంగతి నాకు తెల్వదు మల్లమ్మా."

"గదే చెప్పు. నీకు తెల్వదని చెప్పు."

మర్నాడు జహనుమాకు వెళ్లి అదే చెప్పాను. యాదయ్య నన్ను మంచం మీద కూర్చోబెట్టి, చివరిదాకా విన్నాడు. తర్వాత కూతురి మూట బండిలో పెట్టాడు. ఆ పిల్ల అత్త చెయ్యి వదిలించుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఇప్పటికీ అదే పనిలో ఉన్నాను. నమూనా చూడవచ్చినవాళ్లకు, ఎత్తు ఎన్ని రెట్లు పెంచామో మొదటే చెబుతాను. అక్కడ మంచు ఏ నెలలో కరుగుతుందని ఎవరైనా అడిగితే, ఆ కొండలను నేనెప్పుడూ చూడలేదని చెప్పి, ఆ తర్వాతే పుస్తకం తీస్తాను.