గోంగూర ముద్ద

మాచర్ల బస్టాండు ఎదుటి మెస్సులో ఆ మధ్యాహ్నం వేరే చోటు లేక ఒక పెద్దావిడ ఎదురుగా కూర్చున్నాను. ఒళ్లో చేతిసంచి పెట్టుకుని తింటోంది. వేడన్నంలో గోంగూర పచ్చడి, నెయ్యి కలిపి ముద్ద చేసి, పైన ఉల్లిపాయ ముక్క పెట్టి నాకు అందించబోయి, టక్కున ఆగిపోయింది.

“మా పిల్లోడు చనిపోయి రెండేళ్లయినా ఈ చేతికి తెలవట్లా నాయనా. ఏమనుకోమాక.”

ముద్ద వెనక్కి తీసుకుంటుంటే నేనే అరచెయ్యి చాపాను. చేతిలో పెట్టి, నేను తినేదాకా చూసింది.

“ఉప్పు సరిపోయిందా?” తానే వండినట్టు అడిగింది.

సరిపోయిందన్నాను. నిజానికి కాస్త తక్కువే.

ఆ తర్వాత ఎన్నో హోటళ్లలో తిన్నాను. ఉప్పు డబ్బా ముందుకు జరిపినవాళ్లున్నారు గానీ, ఆ మాట అడిగినవాళ్లు లేరు.