తమ్ముడి చేతి కొలత

మొన్న మంగళవారం ఉదయం బేస్‌మెంటులో అలమరా సర్దుతుంటే, వెనక వరుసలో మూత బిగుసుకుపోయిన రేకు డబ్బా ఒకటి కనిపించింది. స్క్రూడ్రైవరుతో మూత లేపగానే వచ్చిన వాసనకు నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. అది అవిసె నూనె వాసన: పచ్చి గింజలు నలిపినట్టు, కాస్త చేప వాసన కలిసినట్టు, అరవై ఏళ్ల కిందటి మా వంటింటి అక్టోబరు నెల మొత్తం ఆ డబ్బాలో ముడుచుకుని పడుకున్నట్టు. లోపల ఎండి అట్టకట్టిన గుడ్డపేలిక, దాని కింద గాయాలకు కట్టే గాజుగుడ్డలో చుట్టిన చిన్న మూట ఉన్నాయి. మూట చేతికి తగలగానే అందులో ఏముందో నాకు తెలిసింది. అయినా విప్పలేదు. విప్పే ముందు జరిగినదంతా వరుసగా రాసి పెట్టాలనుకున్నాను.

నేను అన్నీ రాసి పెట్టుకునే మనిషిని. ఆస్పత్రి మందుల గదిలో ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని, రాయని సంగతి జరగనట్టేనని నమ్మినదాన్ని. విన్నిపెగ్‌లో తొలి మంచు పడిన రోజు మొదలు, ఏ ఊరగాయ ఏ సీసాలో ఏనాడు పెట్టానో దాకా నలభై మూడు నోటుపుస్తకాలున్నాయి నా దగ్గర. వాటిలో మొదటిది మా తమ్ముడి చేతి కొలతతో మొదలవుతుంది.

మా నాన్న డాక్టరు. విన్నిపెగ్‌కు మూడు గంటల దూరంలో, ధాన్యపు గిడ్డంగి నీడ తప్ప వేరే నీడ లేని ఒక చిన్న ఊళ్లో మా కాపురం. తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే. జులైలో ఊరి చుట్టూ అవిసె చేలు పూసేవి. పొద్దున్నే ఆకాశం నేలకు దిగినట్టు నీలంగా కనబడి, మధ్యాహ్నానికి రేకులు రాల్చేసి మామూలు పచ్చ చేలయిపోయేవి. గోంగూర దొరకని దేశంలో అమ్మ పుల్లటి రూబార్బు కాడలు ఉడకబెట్టి, ఎండుమిర్చి వేయించి నూరి, అదే గోంగూర పచ్చడి అనుకోమనేది, మేము అనుకునేవాళ్లం. దీపావళికి కాఫీ గింజల మరలో బియ్యం పిండి ఆడించి, బెల్లం బదులు గోధుమరంగు పంచదార పాకం పట్టి, నువ్వుల బదులు అవిసె గింజలు అద్ది అరిసెలు వండేది. డిసెంబరు వచ్చిందంటే పెరట్లో నాన్న గొట్టంతో నీళ్లు పారించి గడ్డకట్టించేవాడు. ఆ మంచుపలక మీద నేనూ, నాకంటే రెండేళ్లు చిన్నవాడైన రవీ, మంచులో పెట్టి రాయిలా చేసిన బంగాళాదుంపతో హాకీ ఆడేవాళ్లం. బంగాళాదుంప పగిలిన వైపు వాళ్లు ఓడినట్టు లెక్క. రవి ఎప్పుడూ ఒప్పుకునేవాడు కాదు.

నవంబరులో జింకల వేట కాలం వచ్చేది. నాన్న వైద్యంతో నడుము బాగైన పీటర్ అంకుల్ అనే రైతు, కృతజ్ఞతగా బోల్టు లాగి పేల్చే తన తుపాకీ ఒకటి తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. ఇనుప భాగాన్ని మోసే పొడవాటి కర్ర, దాన్ని అక్కడందరూ స్టాకు అనేవారు, అక్రోటు చెట్టుది. కాఫీ డికాషన్ రంగులో అలలు అలలుగా గీతలుండేవి. రవికి అప్పుడు పదేళ్లు. భుజానికి ఆన్చుకుంటే వాడి వేలు ట్రిగ్గరు దాకా అందేది కాదు. నాన్న ఒక ఆదివారం వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి, భుజానికి ఆనే మడమ వైపు రెండంగుళాలు రంపంతో కోసేశాడు. మంచి తుపాకీని పాడుచేస్తున్నావని పీటర్ అంకుల్ తల పట్టుకుంటే, "కాలు తీసెయ్యడం కంటే ఇదే నయం, మత్తుమందు అక్కర్లేదు" అని నవ్వాడు.

కోసిన భాగాన్ని నాన్న మళ్లీ నాలుగు పలకలుగా కోశాడు. ఏడాదికొక పలక తిరిగి అతికిస్తాననీ, రవికి పద్నాలుగేళ్లు వచ్చేసరికి తుపాకీ మళ్లీ నిండుగా అవుతుందనీ, వాడూ నిండుగా అవుతాడనీ చెప్పాడు. అలా మా ఇంట్లో, అరిసెల పాకం పొయ్యి మీదుండగా, ప్రతి అక్టోబరులో ఒక తంతు జరిగేది. రవి మోచేయి మడిచి నిలబడాలి. మోచేతి మడతలో తుపాకీ మడమ ఆన్చి, చూపుడు వేలు ట్రిగ్గరు మీద ఎక్కడ పడుతుందో నాన్న చూసేవాడు. నేను పెన్సిలు పట్టుకుని బల్ల దగ్గర కూర్చోవాలి.

"వేలు ముడుచుకోకురా, దొంగవెధవా. చక్కగా చాపు."

"ముడవలేదు నాన్నా! చూడు, నా చెయ్యి ఎంత లాంగో. ఈసారి రెండు ముక్కలు పెట్టెయ్."

"గడ్డం రానియ్, పెడతా. అమ్మడూ, రాయవే. పన్నెండుంపావు."

"వాడు వీపు వెనక్కి వంచుతున్నాడు నాన్నా" అని నేను చాడీ చెప్పేదాన్ని. రవి నాలుక బయటపెట్టేవాడు. అలా నా రాతల బతుకు మొదలైంది.

కొలత అయ్యాక నాన్న ఆ ఏటి పలక తీసి, కిటికీ వైపు తిరిగి, పెన్సిలుతో దాని లోపలి ముఖం మీద రెండు మూడు వరుసలు తెలుగులో రాసేవాడు. మాకు చూపించేవాడు కాదు. పొడి ఊది, జిగురు పూసి, స్టాకు చివర అతికించి బిగించేవాడు. రాత లోపల ఉండిపోయేది. మర్నాడు అతుకు నున్నగా రుద్ది, పైన అవిసె నూనె పట్టించేవాడు. ఏం రాశావని నేనడిగితే, "అది వీడికి. పెద్దయ్యాక విప్పుకుని చదువుకుంటాడు" అన్నాడు. నాకు కుళ్లు పుట్టింది. ఆ కుళ్లు కూడా ఆ తారీఖు కింద రాసుకున్నాను.

మూడు పలకలు అతికాయి. మూడో అక్టోబరు తర్వాత వచ్చిన ఫిబ్రవరిలో రవికి మెదడువాపు జ్వరం వచ్చింది. మంచుతుపాను వల్ల రెండు రోజులు రోడ్డు మూసేశారు. ఊరందరికీ వైద్యం చేసిన నాన్న, తన మంచం పక్కనే పడుకోబెట్టుకున్న కొడుకు చేయి వదలకుండా కూర్చున్నాడు. రోడ్డు తెరిచిన రోజు ఉదయం రవి పోయాడు. ఆ పేజీలో తారీఖు మాత్రం ఉంది. కింద ఏమీ రాయలేదు.

నాన్న మళ్లీ వేటకు వెళ్లలేదు. కానీ బతికినంత కాలం ప్రతి అక్టోబరులో తుపాకీ బయటికి తీసి, స్టాకుకు నూనె పట్టించి, ఆ మూడు అతుకుల మీద బొటనవేలు ఒకసారి నడిపి లోపల పెట్టేవాడు. విప్పి చదువుదామా అని నేను ఒక్కసారే అడిగాను. "అవి వాడికి రాసినవమ్మా" అన్నాడు. నాన్న పోయాక నూనె పట్టించే పని నాదయింది, కొట్లో కొన్న వాసన లేని నూనెతో. ఎన్నటికైనా విప్పాలో వద్దో తేల్చుకోలేక, ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి పురికొసతో స్టాకుకు కట్టాను: ఇది పారేయకూడదు. ముక్కలు విడదీయకూడదు. లోపల నాన్న రాతలున్నాయి.

నిరుడు మా మనవడు నిఖిల్ లైసెన్సు తెచ్చుకుని తుపాకీ అడిగాడు. ఇరవై మూడేళ్ల పిల్లవాడు, బుద్ధిమంతుడు. ఇంట్లో వాడుకొనేవాడు ఒకడు దొరికాడని సంతోషంగా ఇచ్చాను. పోయిన నెల నా పుట్టినరోజుకు పొడవాటి పెట్టె మోసుకొచ్చాడు.

"అమ్మమ్మా, కళ్లు మూసుకో. సర్‌ప్రైజ్!"

తెరిచాను. పాత ఇనుము, చుట్టూ కొత్త ఒళ్లు. నల్లటి ప్లాస్టిక్ స్టాకు, చెంప ఆన్చుకునే మెత్త, ముందు మడతపడే రెండు కాళ్లు, పైన గురి చూసే స్కోపు, భుజానికి తగిలించుకునే కొత్త పట్టీ. నాలుగు నెలలు ఒక్కొక్కటే తెప్పించి తనే బిగించాడట. "ఈ బటన్ ప్రెస్ చేస్తే లెంగ్త్ అడ్జస్ట్ అవుతుంది. నీకూ ఫిట్ అవుతుంది, నాకూ ఫిట్ అవుతుంది. కూల్ కదా?"

"పాత కర్ర ఏదిరా?"

"అది క్రాక్ అయింది అమ్మమ్మా. త్రీ ప్లేసెస్‌లో గ్లూ వేసి ఉంది, నాట్ సేఫ్. లేక్ దగ్గర క్యాంప్‌ఫైర్‌లో వేసేశాం." నా ముఖంలో ఏం చూశాడో, తడబడుతూ జేబులోంచి పర్సు తీశాడు. "కానీ దీన్ని మాత్రం దాచా. దేవుడిదేమో అనుకున్నా."

నా అట్టముక్క. పురికొస కూడా చుట్టి పెట్టాడు.

అరిచాను. చేతికందిన పాతదాన్నల్లా ఊడబీకి కొత్తది తగిలించే ఈ కాలాన్ని తిట్టాను. మూడు అతుకులు చూసి, ఎందుకు అతికించారని ఒక్కరినైనా అడగాలనిపించని తెలివిని తిట్టాను. వాడు తల వంచుకుని నిలబడి, "ఇందులో ఏం రాశావు అమ్మమ్మా?" అన్నాడు. చదివి చెప్పాను. వాడు నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు నా కోపం నిలవడానికి చోటు లేకపోయింది. వాడికి పప్పన్నం తినడం నేర్పాను, దండం పెట్టడం నేర్పాను. అ ఆలు మాత్రం వచ్చే వేసవిలో, ఆ పై వేసవిలో అనుకుంటూ పోయాను. నలభై మూడు పుస్తకాలు నింపాను, ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ చదవలేని రాతతో. నూనె తాగిన కర్ర కదా, వెంటనే అంటుకుందట.

ఆ ఊళ్లో ధాన్యపు గిడ్డంగి పడగొట్టేశారు. మా పెరట్లో ఇప్పుడు పెట్రోలు బంకు ఉంది. అమ్మ అరిసెలు నా చేతికి రాలేదు. అవిసె చేలు మాత్రం ఇంకా పూస్తున్నాయి.

ఇంతవరకూ రాసి, ఈ మధ్యాహ్నం గాజుగుడ్డ విప్పాను. నాన్న దాచిపెట్టిన నాలుగో పలకే. ఒకవైపు రెండు మరలతో బిగించిన ఇనుప రేకు, తుపాకీకి అసలు మడమ. రెండోవైపు, రవికి పద్నాలుగేళ్లు వచ్చే అక్టోబరు కోసం నాన్న ముందే గరుకు కాగితంతో రుద్ది ఉంచిన ముఖం, అరచేయిలా నున్నగా ఉంది. కళ్లద్దాలు మార్చుకుని చూశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకు వాల్చి చూశాను.

దీని మీద నాన్న ఇంకా ఏమీ రాయలేదు.