వేడి తగలని చెయ్యి

కురుపాం మార్కెట్ సందులో గాజులు తొడిగే మెహబూబ్ బీ ఒకసారి ఒక పెళ్లికూతురి మేనత్త నోరు మూయించింది. పక్కనే పూసలూ రిబ్బన్లూ అమ్మే ఆరోగ్యమ్మ అది కళ్లారా చూసింది. గాజు పగిలిందనీ, పిల్ల చెయ్యి పిసికి చంపేస్తోందనీ మేనత్త గయ్యిమంది.

"కణుపు దాటకముందు పగిలితే గాజు నాది, దాటినాక పగిలితే మీది. మా అమ్మమ్మ నాటి మాట," అంది మెహబూబ్ బీ. "నొప్పంటావా, పిల్లనే అడుగు. ఎదుటోళ్ల సెయ్యి ఎక్కడ నొప్పెడతాదో నా ఏళ్లకి ముందే తెలుస్తాది."

పెళ్లికూతురు కిసుక్కున నవ్వింది. కాసేపటికి ఆ మేనత్తే రెండు చేతులూ చాచి కూర్చుంది. ఆరోగ్యమ్మకి ఒకరిని మెచ్చుకునే అలవాటు లేదు. ఆ పూట మాత్రం టీ తెప్పించింది.

అలాంటి చేతికే జబ్బు పట్టింది. బొటనవేలు, దాని పక్కవి రెండూ చీమలు పాకినట్టు తిమ్మిరెక్కేవి. నిద్రలో నొప్పికి లేచి చెయ్యి విదిలించుకునేది. మణికట్టులో నరం నలుగుతోంది, పట్టీ కట్టుకుని పడుకో, తగ్గకపోతే చిన్న కోత పెడతాం అన్నారు ఆస్పత్రిలో. కోత మాట చెవిన పడ్డదే చాలు, మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. సింహాచలం కొండ కింద తైలం కొంది. పరవాడలో ఎవరో సూదులు గుచ్చుతారంటే వెళ్లింది. దర్గాలో దారం కట్టించుకుంది. అన్నిట్లోకీ ఉప్పుమూట కాపడమే ఆమెకి నచ్చింది.

"నొప్పి లాగేస్తందక్కా," అనేది.

"నీ పేణం లాగీకుండా సూసుకో," అనేది ఆరోగ్యమ్మ.

ఒక వాన మధ్యాహ్నం బేరాల్లేవు. మెహబూబ్ బీ స్టవ్ మీద ఉప్పు వేయించి, మూటకట్టి, తిమ్మిరెక్కే మూడు వేళ్లతో పట్టుకుంది. కోడలు నర్గీస్ మాడబెట్టిన బిర్యానీ కథ చెప్పుకుపోతోంది. ఆరోగ్యమ్మకి కమురు వాసన కొట్టింది. స్టవ్ చూస్తే ఆర్పేసే ఉంది.

"ఏటే ఆ కంపు?"

"ఏం కంపు? ఇయాళ నొప్పే లేదక్కా, పేణానికి హాయిగుంది."

ఆరోగ్యమ్మ మూట లాగేసింది. దానితోపాటు ఆ వేళ్ల తోలు లేచొచ్చింది.

బజారంతా జడిసే నోరు ఆరోగ్యమ్మది. అలాంటిది, పచ్చిపుండు చూసిన దానికన్నా మెహబూబ్ బీ మొహం చూసి ఎక్కువ జడిసింది. ఆ మనిషి ఇంకా నవ్వుతూనే ఉంది. తర్వాత కిందికి చూసుకుంది.

"ఇది నా సెయ్యేనా అక్కా?"

డాక్టరు కసిరాడు. మొద్దుబారిన చేతికి ఎవరైనా వేడి పెడతారా? తగ్గింది నొప్పి కాదమ్మా, నీ స్పర్శే పోతోంది అన్నాడు. పుండు మానాక కోత పెట్టారు. వేళ్లకి తెలివి తిరిగొస్తుందో లేదో, చూడాలన్నారు.

కట్టు విప్పించుకుని మెహబూబ్ బీ తిన్నగా కొట్టుకే వచ్చింది. ఎర్రగాజుల దండ విప్పి ఆరోగ్యమ్మ ముందు కూర్చుంది.

"నీ సెయ్యి ఇలా ఇయ్యక్కా."

"ఈ మోటు సేతికి గాజులేటే, నీకేటైనా పిచ్చా?"

"మోటుదే కావాల. నా ఏళ్లకింకా ఏటీ తెల్డం లేదు, ఎక్కడ ఆపాలో నువ్వే సెప్పాల. నీ పొగరు నాకు తెలుసు, పళ్లు బిగబట్టీకు. నొప్పెడితే సందంతా ఇనబడేలా కేకెయ్యి."