బెల్టు కింద తడి

మా తమ్ముడు కొన్న పికప్పు బండి తొట్టిలో అడుగున ఏం పరవాలన్న విషయం మీద నా డైరీలో పదకొండు పేజీలు ఉన్నాయి. మా పెద్దమ్మాయి పుట్టిన రోజుకు అరపేజీ కూడా లేదు. మా ఆవిడ ఈ సంగతి ఎత్తి ఇప్పటికీ దెప్పుతుంది. బిడ్డ పుట్టిన రోజు నేను సంతోషంగా ఉన్నాను. నాకు ఎక్కువ రాయాలనిపించేది భయం పట్టుకున్నప్పుడే.

ఎనభైల చివరి మాట ఇది. నేను నిడమనూరు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. కాపురం మిర్యాలగూడలో. తమ్ముడు మేళ్లచెరువు వైపు ఏళ్ల తరబడి సిమెంటు లారీలు నడిపి, ఇక ఒకరి కింద వద్దనుకుని పాత పికప్పు ఒకటి తెచ్చుకున్నాడు. పేరుకు అతనిదే గాని, బండి మా ఇద్దరిదీ. నడపడం అతని పని, కాగితాలూ టైర్లూ ఆయిలూ చూసుకోవడం నా పని. రెండిళ్లూ దాని మీదే ఆశ పెట్టుకుని ఉన్నాయి.

పాత యజమాని ఆ బండిలో యూరియా, ఉప్పు బాగా మోసినట్టున్నాడు. తొట్టిలో డ్రైవరు వైపు మూల రేకు అప్పడంలా అయిపోయి, బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. సూర్యాపేటలో అతుకు వేయించాం. ఆ అతుకు చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. రోజూ బడికి పోయే ముందు తొట్టి నాలుగు మూలలా వేలి కణుపులతో కొట్టి చప్పుడు వినేవాణ్ణి. మా వైపు బండిలో ఇవాళ యూరియా ఎక్కితే రేపు వడ్లు ఎక్కుతాయి, ఎల్లుండి సున్నపురాయి ఎక్కుతుంది. ఏ సంచి ఎప్పుడు కారుతుందో తెలియదు. ఇంకో రెండు వానాకాలాలకు తొట్టి మొత్తం చిల్లులు పడుతుందని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

కాబట్టి అడుగున ఏదో ఒకటి పరవాలి. ఏది?

ముందు రేకు అనుకున్నాను. అతుకు వేసిన సూర్యాపేట వెల్డింగాయన నవ్వాడు.

"ఇనుము మీద ఇనుము ఏస్తే రెండూ తుప్పు పడ్తయ్ సార్. నాకైతే గిరాకీ దొరుకుతది. నీకేం దొరుకుతది?"

తర్వాత ఒక ఆదివారం కోదాడ వెళ్లి, లారీలకు బాడీలు కట్టే షెడ్లన్నీ తిరిగాను. ఒక ముసలి వడ్రంగి మేస్త్రి మద్దిచెక్క పలకలు చూపించాడు. పలకకూ పలకకూ మధ్య వేలు పట్టేంత సందు వదలాలనీ, వాటిని బిగించకుండా ఊరికే పరవాలనీ అన్నాడు. సందుల్లోంచి ఎరువు కిందికి పోదా అని అడిగాను.

"పోద్ది. మీరు పలకలు తీసి ఊడ్చుకుంటారు. అంతేగా మాస్టారూ!"

నాకది నచ్చలేదు. రోజూ తీసి ఊడ్చేవాడెవడు?

మూడోది మేళ్లచెరువులో దొరికింది. సిమెంటు ఫ్యాక్టరీల్లో రాయిని మోసే పెద్ద రబ్బరు బెల్టులు అరిగిపోతే పాత సామాన్ల వాళ్లు కొని ముక్కలుగా అమ్ముతారు. అక్కడి టీ కొట్టు గడపలో ఒక ముక్క వేసి ఉంది. లారీ డ్రైవర్ల చెప్పులన్నీ తొక్కినా దానికి ఏమీ కాలేదు. ఆ గడప దగ్గరే నిలబడి డైరీలో రాసుకున్నాను.

ఇంటికి వచ్చి పరీక్ష పెట్టాను. బకెట్లో యూరియా నీళ్లు కలిపి, రేకు ముక్క, మద్దిచెక్క ముక్క, బెల్టు ముక్క దారాలు కట్టి వేలాడదీశాను. ఎనిమిది రోజులు. రేకు ఎర్రబడింది. చెక్క ఉబ్బింది. బెల్టు వేసినట్టే బయటికి వచ్చింది. 'బెల్టు' అని రాసి కింద రెండు గీతలు గీశాను.

తమ్ముడు ఆ బకెట్ చుట్టూ తిరిగి చూశాడు. "అన్నా, బండికి బెల్టు ఏస్తున్నవా, పిల్లకు సంబంధం సూస్తున్నవా?"

బిగించే పని కోదాడలోనే, ఆ మేస్త్రి షెడ్డులోనే జరిగింది. తొట్టి వెడల్పుకు రెండు ముక్కలు పట్టాయి. అడుగున్నరకొకటి చొప్పున బోల్టులు వేయించాను. కొలతలు నావే. చుట్టూ అంచులకు తారు పూయించాను. తొట్టి మూలల్లో నీళ్లు పోవడానికి నాలుగు రంధ్రాలు ఉన్నాయి. వాటిలోంచి రోడ్డు మీది బురద పైకి చిమ్మి బెల్టు కింద చేరుతుందని వాటినీ తారుతో మూయించాను. మేస్త్రి చేతిలో తారు బ్రష్షు పట్టుకుని ఒక్క నిమిషం ఆగాడు.

"మాస్టారూ, బండన్నాక తడవకుండా ఉండదు. తడి పోయే దారి ఉంచండి. అన్నీ మూసేస్తే అది ఎటు పోద్ది?"

ఆయన మాట కూడా ఆ రాత్రి డైరీలోకి ఎక్కింది. పక్కన నేను రాసుకున్న ఒక్క మాట: 'అనవసరం.'

ఆరు నెలలు నిశ్చింతగా ఉన్నాను. మూలలు కొట్టి చూడటం కూడా మానేశాను.

వానాకాలం మొదట్లో తమ్ముడు కోదాడ నుంచి హాలియా దుకాణానికి కలుపు మందు డబ్బాలు వేసుకెళ్లాడు. గతుకుల్లో ఒక డబ్బా పగిలింది. పొలంలో గడ్డి గింజను మొలవనివ్వని మందు అది. నీళ్లు తగిలితే పాలలా తెల్లగా మారుతుంది. తమ్ముడు కాలువ దగ్గర బండి ఆపి, తెలుపు పోయేదాకా బకెట్లతో కడిగాడు. సాయంత్రం నేను బెల్టు మీద వంగి వాసన చూశాను. ఏమీ లేదు. 'శుభ్రం' అని రాశాను.

రెండు రోజుల తర్వాత అదే బండిలో విత్తన వడ్లు ఎక్కాయి.

హాలియా దాటాక కాలువ కింద ఒక తండా ఉంది. అక్కడ ఎనిమిది ఇళ్ల వాళ్లు కలిసి సూర్యాపేట వైపు నుంచి విత్తనం తెప్పించుకున్నారు. పద్నాలుగు సంచులు. ఆ రోజు బడికి సెలవు కావడంతో నేనూ వెళ్లాను. వాళ్ల తరఫున మాట్లాడేది ఒక ముసలమ్మ. తమలో తాము వాళ్ల భాష, మాతో తెలుగు. మా బడిలో చదివే మనవళ్లకు ఎక్కాలు రావడం లేదని నన్ను చూసినప్పుడల్లా తిట్టేది.

సంచులు దించాం. అడుగు వరస సంచులు తిప్పి పెడుతుంటే మూడింటి మీద రూపాయంత తడి మచ్చలు కనిపించాయి. ఒక వరసలో ఉన్నాయి. మచ్చకూ మచ్చకూ మధ్య అడుగున్నర.

ఆ దూరం బోల్టులకు నేను కొలిచి పెట్టిందే.

తమ్ముడు నన్ను చూశాడు, నేను అతన్ని చూశాను. ముసలమ్మ ఒక సంచి మీదికి వంగి ముక్కు పెట్టింది.

"గిదేం వాసనరా?"

"తొవ్వల వాన జల్లు పడ్డది, అవ్వా," అన్నాడు తమ్ముడు.

నేను నోరు విప్పలేదు. నాకు ఖాయంగా తెలియదు కదా అని మనసుకు చెప్పుకున్నాను. తెలియకుండా మాట్లాడకూడదన్నది నా పద్ధతి. ఆ పద్ధతి చాటునే బండెక్కి కూర్చున్నాను.

మిర్యాలగూడ చేరగానే స్పానర్ తెచ్చి బోల్టులు విప్పాం. బెల్టు అంచు ఎత్తితే కింద పాలు. తెల్లగా, చిక్కగా, తొట్టి గాడుల నిండా. తమ్ముడు కడిగిన నీళ్లు మందుతో సహా బోల్టు సందుల్లోంచి కిందికి దిగాయి. నేను మూయించిన రంధ్రాల వల్ల ఎటూ పోలేదు. పైన సంచుల బరువు పడగానే అవే సందుల్లోంచి పైకి ఊరాయి. రేకుకు మాత్రం తుప్పు చుక్క కూడా లేదు.

"ఇగ పోదాం పద," అన్నాను. "చెప్పాలి."

"చెప్తే ఖతం, అన్నా. రేపటి సంది ఎవడు మన బండి ఎక్కిస్తడు? మూడు సంచులే గద. ఏమన్న అయితదో కాదో."

"వాళ్లు అన్నీ ఒక్క దగ్గరే నానేస్తరు."

అదీ సంగతని అతనికీ తెలుసు. వడ్లను ఒక రోజు నీళ్లలో నానబెట్టి, తీసి, గోనెలు కప్పి కుప్ప పెడతారు. మండె కట్టడం అంటారు. లోపల వేడి పుట్టి గింజ మొలకెత్తుతుంది. కుప్ప పెద్దదైతే వేడి బాగా నిలుస్తుందని ఆ తండాలో ఎనిమిది ఇళ్ల గింజా ఒకే నీళ్ల హౌజులో నానబెట్టి, ఒకే మండె కట్టి, మొలకను గంపలతో పంచుకుంటారు. మూడు సంచుల్లో విషం ఉంటే అది పద్నాలుగింటికీ పాకుతుంది. పొద్దుగూకే లోపల నానబోస్తామని పొద్దున వాళ్లు అనడం నేను విన్నాను. కాలువకు నీళ్లు వదిలే రోజు దగ్గర పడింది. మళ్లీ విత్తనం వెతుక్కుని నారు పోసుకునే వ్యవధి వాళ్లకు లేదు.

తమ్ముడు బండి తిప్పాడు. హాలియా దాకా నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ఒక లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడి ఉంటే, చెమటకు చేతిలో డైరీ అట్ట మెత్తబడింది.

మేం వెళ్లేసరికి బావి దగ్గరి హౌజు నిండా నీళ్లు, నీళ్ల అడుగున వడ్లు. గట్టు మీద రెండు సంచులు మాత్రం కట్లు విప్పకుండా ఉన్నాయి. ఒకదాని మీద మచ్చలున్నాయి, రెండోది పోయడానికి సిద్ధంగా ఉంది.

"గది వాసన కొడుతుందని నేనే పక్కన పెట్టిచ్చిన," అంది ముసలమ్మ. "మచ్చలున్న ఇంకో రెండు మా కోడలు సూస్కోకుంట పోసింది. మళ్ల ఎందుకొచ్చిన్రు?"

చెప్పాను. డబ్బా పగలడం, కడగడం, బెల్టు కింద చేరడం, రంధ్రాలు నేనే మూయించడం, పొద్దున మచ్చలు చూసి కూడా ఊరుకోవడం. అందరూ చుట్టూ చేరారు. ఒకాయన వాళ్ల భాషలో తమ్ముడి మీద అరిచాడు. మాటలు తెలియకపోయినా అర్థమైంది. ముసలమ్మ ఆయన్ను చేత్తో ఆపి నా వైపు తిరిగింది.

"బండికి జబ్బు రాకుంట దుప్పటి కప్పినవ్, సారూ. మా గింజకు రోగం అంటిచ్చినవ్. పొద్దున నీ నోట్ల ఏమున్నది?"

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. కొడుకును హౌజు పక్కకు దింపింది. అడుగున రంధ్రంలో కుక్కిన గుడ్డను అతను లాగేశాడు. నీళ్లు మళ్లలోకి పోకుండా బంజరు వైపు కాలవ తీశారు. మళ్లీ నింపారు, మళ్లీ వదిలారు. మూడుసార్లు. బావి నుంచి హౌజు దాకా బిందెలు చేతులు మారాయి. తమ్ముడూ నేనూ ఆ వరసలో ఉన్నాం. నా చేతికి బిందె అందిస్తూ ఆమె కోడలు ఒక్కసారి కూడా నా మొహం చూడలేదు.

మండె కట్టాక మొదటి సాయంత్రం బడి నుంచి బస్సులో వెళ్లాను. గోనె పక్కకు తీసి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. పక్కన పెట్టిన మచ్చల సంచి నుంచి వంద గింజలు తెచ్చి ఇంటి దగ్గర తడిగుడ్డలో చుట్టి పెట్టుకున్నాను. వాటినీ గంటకొకసారి విప్పి చూస్తుంటే మా ఆవిడ గుడ్డ లాక్కుని గూట్లో పెట్టింది. రెండో సాయంత్రం మండె ఒక పక్క నులివెచ్చగా తగిలింది. ఇంకో పక్క ఏమీ లేదు. ముసలమ్మ తను కూడా చెయ్యి పెట్టి చూసి, "ఉన్నది, పానం ఉన్నది," అంది. నాకు నమ్మకం కలగలేదు.

మూడో పొద్దున ఎనిమిది ఇళ్ల వాళ్లూ ఉండగా గోనెలు తీశారు. గింజల మొనల మీద తెల్లటి మొలకలు కనిపించాయి. అన్నిటికీ కాదు. నేను గుప్పెడు తీసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వందకు డెబ్బై దాటలేదు. మిగతావి ఉబ్బి, నల్లబడి అలాగే ఉన్నాయి.

"లెక్కవెడితే మొలుస్తదా, సారూ?" అంది ముసలమ్మ. కాని అంది నవ్వుతూనే. నాకు కన్నీళ్లు వచ్చాయి. గాలికి దుమ్ము పడ్డట్టు కళ్లు తుడుచుకున్నాను.

ఇంట్లో తడిగుడ్డలో వందకు తొమ్మిది మొలిచాయి. కడగకుండా ఉంటే, చెప్పకుండా ఉంటే, ఆ హౌజు ఏమయ్యేదో ఆ తొమ్మిది గింజలే చెప్పాయి.

నారు చాలదని తేలింది. తమ్ముడు ఇంకో రెండు సంచుల విత్తనం వెతికి తెచ్చి ఇచ్చాడు. అదైనా ఆలస్యంగా చేతికొచ్చిన విత్తనమే. తండాలో రెండిళ్ల వాళ్లు చివరి మడులు పక్షం రోజులు వెనకపడి నాటుకున్నారు. ఆ ఏడు ఆ రెండిళ్ల కోతలు చివరిగా అయ్యాయి. కంకి పాలు పోసుకునే రోజుల్లో చలిగాలి తగలకూడదని నేను రోజూ ఆకాశం చూసేవాణ్ణి. ఆ రోజుల డైరీలో వాతావరణం తప్ప మరేమీ లేదు.

బెల్టు మళ్లీ తొట్టికి ఎక్కలేదు. రంధ్రాల్లో తారు గీకించాం. కోదాడ వెళ్లి మద్దిచెక్క పలకలు తెచ్చాం. మేస్త్రికి నేనే అంతా చెప్పుకున్నాను. ఆయన పలకల మధ్య తన వేలు పెట్టి సందు చూసుకుంటూ విన్నాడు.

మరుసటి వానాకాలం ఆ తండా వాళ్లు మళ్లీ మా బండికే కబురు పంపారు. తమ్ముడు నమ్మలేకపోయాడు. విత్తనం ఎక్కించే చోటికి ముసలమ్మ స్వయంగా వచ్చింది. సంచులు ముట్టనివ్వలేదు. "ముందుగాల పలకలు లేపు," అంది. ఒక్కొక్కటీ లేపించింది. కొడుకు భుజం పట్టుకుని తొట్టిలోకి ఎక్కి, మోకాళ్ల మీద కూర్చుని, రేకుకు ముక్కు ఆనించి ఈ మూల నుంచి ఆ మూలకు వాసన చూసింది. అప్పుడు గాని ఎక్కించమనలేదు.

ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. చివరి రెండేళ్లు ఆమె రాలేకపోయింది. కోడలు వచ్చేది, ఆమే వాసన చూసేది. తొంభైల మధ్యలో ఒకసారి తమ్ముడు, "ఇంక ఎన్నేండ్లు సూస్తవమ్మా, పరేషాన్ కాకు, పొద్దుగాలనే కడిగిన," అన్నాడు. ఆమె కొంగు దోపుకుని తొట్టి ఎక్కబోయింది. నేను చేతి సంచి పక్కన పెట్టి, మొదటి పలక లేపి పట్టుకున్నాను.