నూడుల్స్ సంచీతో షామ్‌బర్గ్ ప్రయాణం

డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్ నుంచి చికాగో శివారు షామ్‌బర్గ్‌కి కారులో ఐదు గంటల దారి. మా ఆఫీసులో సగం మంది వారాంతాల్లో అలా వెళ్ళి ఇలా వచ్చేస్తుంటారు. నేను మాత్రం 2015 మార్చిలో రైలెక్కాను. అంతకు ముందు నెలలో మంచు మీద నా కారు గిర్రున తిరిగి రోడ్డు పక్క కంచె దగ్గర ఆగింది. అప్పటినుంచి మంచు పడుతుందని చెబితే చాలు, స్టీరింగ్ పట్టుకోవడానికి చేతులు రావు. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

ఇంత హడావిడిగా బయల్దేరింది మాధవి కోసం. మాస్టర్స్ చేసిన రెండేళ్ళూ నా రూమ్మేట్. హనుమకొండ పిల్ల. పెళ్ళయ్యాక షామ్‌బర్గ్‌లో కాపురం. ఇప్పుడు రెండో నెల దాటింది. వేవిళ్ళు అందరికీ ఉండేవేగానీ, దీనికి మూడు వారాలుగా మంచినీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదు. బరువు తగ్గిపోతోంది. సోమవారం మళ్ళీ తూకం చూస్తామని, ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేర్చుకుని సెలైన్ పెట్టాల్సిందేనని డాక్టర్ చెప్పిందట. క్రిందటేడు ఒకసారి గర్భం నిలవలేదు కూడా.

బుధవారం సాయంత్రం ఫోన్ చేసింది. "శైలూ, ఏదీ తినబుద్ధయితలేదే. మన నూడుల్స్ ఒక్కటే యాదికొస్తున్నయ్," అంది. "ఈసారి కూడా..." అని ఆగిపోయింది. దాని నోట సగం మాట నేనెప్పుడూ వినలేదు, అది మాట్లాడితే ఆపడమే కష్టం. ఫోన్ పెట్టేయగానే శుక్రవారానికి సెలవు పెట్టేశాను.

'మన నూడుల్స్' అంటే ఏమిటో చెప్పాలి. మేం కొత్తగా వచ్చిన చలికాలంలో ఒక సీనియర్, "కొరియా వాళ్ళవి కొనుక్కోండమ్మా, మన నాలుకకి సరిపడా కారం ఉంటుంది," అని చెప్పాడు. నిజమే, మొదటి ముద్దకే ముక్కులోంచి నీళ్ళు కారాయి. ప్రాణం లేచొచ్చింది. ఆ ఎర్ర ప్యాకెట్లతోనే చలికాలమంతా గడిపేశాం. వసంతంలో ఒక జూనియర్ వచ్చింది, అన్ని లేబుళ్ళూ చదివే రకం. "అక్కా, ఈ పొడిలో బీఫ్ ఉంది కదా?" అని నెమ్మదిగా అడిగింది. గుడ్డు కూడా ముట్టని మాధవి ముఖం చూడాలి! ఆ రోజు రెండుసార్లు తలంటుకుంది. శనివారం మంచినీళ్ళతో ఉంది. చికెన్ తినే నేను కూడా దాని పక్కన కూర్చుని ఉపవాసం చేశాను, అంత జాలేసింది.

అయినా నూడుల్స్ మానలేకపోయాం. పొడి ప్యాకెట్ చెత్తబుట్టలో పారేసి, ఎందుకైనా మంచిదని ఉడికించిన నీళ్ళు కూడా వంచేసి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ, ఉల్లిపాయలతో పోపు పెట్టి, పైన సాంబారు పొడి చల్లేవాళ్ళం. పోపు ఘాటుకి పొగ అలారం మోగేది. ఒకరు అట్టముక్కతో విసురుతుంటే ఇంకొకరు కలిపేవాళ్ళు. కొరియాది అందులో మిగిలింది ఆ వంకీల పోగులొక్కటే. మేం మాత్రం కొరియన్ ఫుడ్ తింటున్నామని అందరికీ గొప్పలు చెప్పుకునేవాళ్ళం.

గురువారం ఆఫీసు కాగానే ట్రాయ్‌లోని కొరియా దుకాణానికి వెళ్ళాను. ఒక వరుస మొత్తం నూడుల్సే. మనవాళ్ళు బియ్యం బస్తా వేసుకున్నట్టు అక్కడి వాళ్ళు పెట్టెలకు పెట్టెలు బండిలో వేసుకుంటున్నారు. మాంసం లేనివి కావాలంటే కౌంటర్ దగ్గరి ఆవిడ లేచొచ్చి పచ్చ ప్యాకెట్లు చూపించింది. ఈసారి లేబుల్ రెండుసార్లు చదివాను. పది ప్యాకెట్లు, పన్నెండు డాలర్లు.

శుక్రవారం ఉదయం ఆరూ ఇరవైకి రైలు. ట్రాయ్‌లో స్టేషన్ కొత్తగా కట్టారు, లోపల వెచ్చగా ఉంటుంది. కారు అక్కడే పెట్టి వెళ్ళవచ్చు. టికెట్ నెట్‌లో ముందే తీసుకుంటే నలభై డాలర్లలో అయిపోతుంది. సీటు నంబర్లుండవు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే. డెట్రాయిట్ దాటేదాకా బయట చీకటి, లోపల కునుకు.

ఆన్ ఆర్బర్‌లో ఏడున్నర దాటాక ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. అరవై పైనే ఉంటాయి, పొట్టి జుట్టు, మెడకు ఊలు మఫ్లర్. నా కాళ్ళ దగ్గరి సంచీలోకి తొంగి చూసి, "వాటి మీద కాలు పెట్టకు, విరిగిపోతాయి," అంది ఇంగ్లీషులో. కొరియా నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటిందట. నర్సుగా చేసి రిటైరైంది. చికాగోలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్తోంది.

మాధవి సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విని, "ఎలా వండి పెడతావ్?" అని అడిగింది. నేను మా పద్ధతి మహా గర్వంగా చెప్పాను.

"పొడి పారేస్తావా?" అంది.

"అవునండీ."

"నీళ్ళు కూడానా?"

అవునన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసేసి మరీ నవ్వింది. ముందు వరుసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, సియోల్‌లో హాస్టల్ రోజుల గురించి చెప్పింది. ముగ్గురమ్మాయిలకు ఒకటే సత్తు గిన్నె. పళ్ళాలు కడిగే ఓపిక లేక గిన్నె మూతలోనే వంతులవారీగా వేసుకుని తినేవాళ్ళట. పోగులైపోయాక అడుగున మిగిలిన పులుసులో పొద్దుటి చల్లన్నం వేసుకుని తినేవాళ్ళట. "నిజానికి మేం దానికోసమే నూడుల్స్ వండుకునేవాళ్ళం," అంది. నాకు లోలోపల కాస్త ఉడుకుమోతుతనం వచ్చింది. మా పోపు రుచి ఈవిడకేం తెలుసులే అనుకున్నాను.

కలమజూ దాటాక నా ఉప్మా డబ్బా తీశాను. ఆవిడకి పెడితే రెండు చెంచాలు తిని, ఆవాలు చూపించి ఇవేమిటని అడిగింది. కాఫీ రైల్లోనే దొరుకుతుంది, రెండు డాలర్లు, వేడిగా ఉందన్న ఒక్క సుగుణం తప్ప దాని గురించి చెప్పడానికేమీ లేదు. ఇండియానాలో గూడ్సు బండికి దారిచ్చి ముప్పావుగంట నిలబడ్డాం. ఇది మామూలేనట, ఎవరూ విసుక్కోలేదు. చికాగోలో దిగేటప్పుడు గడియారం గంట వెనక్కి తిప్పుకోవడం మరచిపోవద్దు. అక్కడి టైము పదకొండుంబావు. ఆవిడ నా భుజం తట్టి, "నీ ఫ్రెండ్ తింటుందిలే," అని వెళ్ళిపోయింది.

అదే స్టేషన్ నుంచి షామ్‌బర్గ్‌కి లోకల్ రైలు. పన్నెండున్నరకి ఎక్కితే ఒకటీ ఇరవైకి దింపింది. మాధవి భర్త శ్రీకాంత్ కారుతో వచ్చాడు. గడ్డం పెరిగిపోయి ఉంది. "మీరొస్తున్నారని పొద్దుటి నుంచి లేచి కూర్చుంది," అన్నాడు.

లేచి కూర్చున్న మాధవిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. బుగ్గలు లేవు. చేతి గాజులు మోచేతి దాకా పోతున్నాయి. కౌగిలించుకుంటే పసిపిల్లంత బరువుంది. నేనింక కూర్చోలేదు, నేరుగా వంటింట్లోకి నడిచాను.

అక్కడ వాళ్ళత్తగారు ఉన్నారు. ఆరు నెలలు ఉందామని రెండు నెలల క్రితం హనుమకొండ నుంచి వచ్చారు. "బిడ్డా, పోపు పెట్టకు. గా వాసనకే కక్కుతది," అన్నారు.

"ఇది దానికిష్టమైనదే ఆంటీ, చూడండి ఎలా తింటుందో," అన్నాను. నేను వింటేగా! ఏడేళ్ళ స్నేహం నాది, రెండు నెలల నుంచీ చూస్తున్న ఈవిడకేం తెలుసనుకున్నాను. అలవాటుగా పొడి ప్యాకెట్ బుట్టలో వేశాను, నీళ్ళు వంచేశాను, నూనె కాగాక ఆవాలు, ఇంగువ వేశాను. ఘుమఘుమలాడుతూ పొగ హాల్లోకి వెళ్ళిందో లేదో, మాధవి బాత్రూమ్‌లోకి పరుగెత్తింది. లోపల ఏమీ లేని కడుపు తిప్పుకుంటుంటే వచ్చే ఆ శబ్దం వినడం కష్టం. స్టవ్ ఆపేశాను.

బయటికొచ్చి గోడ పట్టుకుని, "నా కోసం అంత దూరం నుంచి వచ్చినవ్. సారీ శైలూ," అంది. అది తిట్టినా బాగుండేది. సారీ చెప్పేసరికి భోరున ఏడ్చేశాను.

అంత చలిలో అత్తగారు కిటికీలన్నీ తెరిచారు. గిన్నె బాల్కనీలో పెట్టి, "ప్రేమతోనే చేసినవ్ బిడ్డా. ఆ పిల్ల ఒళ్ళు ఒప్పుకోవాలె గదా. మీరిద్దరు తినున్రి," అన్నారు. నేనూ శ్రీకాంత్ కోట్లేసుకుని బాల్కనీలో నిలబడి తిన్నాం. బాగానే ఉన్నాయి, అదే ఇంకా బాధ.

నాలుగున్నరకి అత్తగారి పక్కన కూర్చుని, రైల్లో పెద్దావిడ చెప్పిందంతా చెప్పాను. పులుసులో చల్లన్నం అనగానే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఇంకో ప్యాకెట్ తెరిచి పొడి వాసన చూశారు. "చారు పొడి లెక్క లేదూ? ఘాటు లేదు. పావు వంతు వేద్దాం," అన్నారు. వంటింటి తలుపు మూసేశాం. నిండా నీళ్ళు, నూనె లేదు, పోపు లేదు. పోగులు తీసి పక్కన పెట్టి, పులుసు గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, అందులో రెండు చెంచాల అన్నం మెత్తగా మెదిపి కలిపారు. అత్తగారు వేళ్ళతో మెదుపుతుంటే, రైల్లో పెద్దావిడ మాటలాగే ఈవిడ మాటా నేను వినలేదని సిగ్గేసింది.

మాధవి మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మేం ముగ్గురం చెంచా వంకే చూస్తున్నాం. రెండోది. మూడోది. "చారన్నం లెక్కుంది," అంది. ఆరు చెంచాలకు చాలంది.

ఇక గడియారం చూడడమే మా పని. పది నిమిషాలు. ఇరవై. శ్రీకాంత్ తువ్వాలు పట్టుకుని బాత్రూమ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆరు దాటాక చూస్తే, మాధవి సోఫాలోనే నిద్రపోతోంది. అత్తగారు లేచి వెళ్ళి దేవుడి దగ్గర దీపం వెలిగించారు.

శనివారమంతా కాస్త కాస్తగా అదే. మధ్యాహ్నం ఒకసారి వాంతైంది, మళ్ళీ అందరి ముఖాలూ వాడిపోయాయి. సాయంత్రం నాలుగు పోగులు కూడా తింది. ఎంత తిందో అడగవద్దని, గిన్నె వంక చూడవద్దని అత్తగారు మాకిద్దరికీ గట్టిగా చెప్పారు. ఈసారి బుద్ధిగా విన్నాను. నేను దాని పక్కన కూర్చుని పాత ప్రొఫెసర్ల మీద చాడీలు చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండూ యాభైకి చికాగోలో తిరుగు రైలు. ఇంటికెళ్ళే రైళ్ళలో కునుకు బాగా పడుతుంది, నాకు మాత్రం పట్టలేదు. రెండు రోజుల్లో నేను చూసిన ఊరు ఒక వంటిల్లు, ఒక సోఫా. ఈ దారిన వెళ్ళే చదువరులకు చెప్పగలిగింది కొంచెమే. సంచీలో పెళుసు వస్తువులుంటే పైన పెట్టుకోండి, గూడ్సు బండ్లకోసం చేతిలో గంట అదనంగా ఉంచుకోండి, పక్క సీటు వాళ్ళు ఏదైనా చెబితే వినండి. ఒకరికి ఏది ఇష్టమో నాకు తెలుసనుకుని ఎంత దూరమైనా వెళ్ళవచ్చు, వెళ్ళాక మాత్రం వాళ్ళనే అడగాలి.

కలమజూ దాటాక ఫోన్ మోగింది. మాధవి. ఆ పేరు చూడగానే మళ్ళీ ఏమైందోనని గబుక్కున ఎత్తాను.

"ఏమైందే?" అన్నాను.

"ఏం కాలే." తర్వాత దొంగతనంగా చెబుతున్నట్టు గొంతు తగ్గించి, "శైలూ, ఆకలైతాందే," అంది.

మూడు వారాల్లో ఆ మాట దాని నోట రావడం అదే మొదలు. చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. ఎదుటి సీట్లో ఆయన పేపరు దించి నా వంక కంగారుగా చూశాడు. ఏమీ లేదని ఆయనకు చెయ్యి ఊపాను.

"మరి నాతో కబుర్లేంటే మొద్దూ," అన్నాను. "ఫోన్ పెట్టేసి తినవే."