ఆగిన చోటు నుంచే

గురువారం మధ్యాహ్నం మా సంఘపు స్త్రీల ప్రార్థన కూటం మా ఇంట్లోనే జరిగేది. పాటలయ్యాక బైబిలు కథ చెప్పే పని నాది. గొల్లపిల్లవాడు వడిసెల తిప్పాడని చెబుతుంటే ముందు వరసలో వాళ్ళు తలలు పక్కకు తప్పించేవారు. "అమ్మాయ్, ఆ ముక్క మళ్ళీ చెప్పు" అని మా అత్తగారు అడిగేవారు. చెప్పేదాన్ని. నా గొప్పంతా ఆ 'మళ్ళీ'లోనే ఉండేది.

ఎనభైల మధ్యలో, కాపు విరగకాసిన ఏడు, మామిడి తోటలు గుత్తకు పట్టే ఒకాయన బెజవాడ నుంచి కలర్ టీవీ, వీసీఆర్ తెచ్చాడు. ఆయన భార్య మా సంఘస్థురాలే. ఆదివారం ఆరాధన ముగియగానే చర్చి గుమ్మంలోనే అందరినీ పిలిచింది.

"ప్రభువు సినిమా కాసెట్టు దొరికిందండీ. ఈ గురువారం కూటం మా ఇంట్లో పెట్టుకుందాం. కావాల్సిన చోట ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పి మళ్ళీ చూసుకోవచ్చు."

"అయితే మన కథల అక్కయ్యకి సెలవేనా?" అని ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను.

పొరుగువాడిది ఏదీ ఆశించకూడదనే పదో ఆజ్ఞను పిల్లలకు కంఠతా నేర్పినదాన్ని నేను. పొరుగువాడి ఇల్లు, ఎద్దు, గాడిద ఉన్నాయి గానీ వీసీఆర్ అందులో లేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఆ పెట్టె నాకక్కర్లేదు. దాని ముందు కూర్చోబోయే ఆడవాళ్ళు కావాలి. గురువారం పొద్దున్నే మోకరించి, కరెంటు తీసెయ్యమని ప్రార్థించాను.

వాళ్ళ హాలంతా మాగేసిన రసాల వాసన. మా అత్తగారు నాకంటే ముందే వెళ్ళి టీవీకి ఎదురుగా కూర్చున్నారు. ప్రభువును సమాధిలో పెట్టి రాయి దొర్లించారు. అంతే, ఠక్కున కరెంటు పోయింది.

"తర్వాతది నువ్వు చెప్పమ్మా" అన్నారు అత్తగారు.

లేచి నిలబడ్డాను. సుగంధద్రవ్యాలు పట్టుకుని బయల్దేరిన స్త్రీలు, పక్కకు దొర్లిపోయి ఉన్న రాయి, ఎదురుగా ఉన్నది తోటమాలి అనుకుని ఒకామె ఏడుస్తూ అడిగిన మాట... ఆ కథ అంత బాగా అంతకుముందెప్పుడూ చెప్పలేదు. ఇద్దరు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. ప్రభువు ఆమెను పేరు పెట్టి పిలిచాడు అనబోతుండగా కరెంటు వచ్చింది. తలలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి.

"కంగారుపడకండి, ఆగిన చోటు నుంచే వస్తుంది" అంటూ ఇంటావిడ బటన్ నొక్కింది.

"అమ్మయ్య! అయితే మనకేం పోలేదన్నమాట" అన్నారు అత్తగారు.

తెరమీద ఆ స్త్రీలు సమాధి దగ్గరకు బయల్దేరారు. నేను కళ్ళు మూసుకుని మళ్ళీ ప్రార్థించాను.

ఈసారి కరెంటు పోలేదు.