ఎర్ర బిళ్ళ కోసం ఒక క్లబ్బు

పాత పేకాట క్లబ్బుల్లో డబ్బులకు బదులు వాడిన బిళ్ళలు సేకరించడం నాకు పిచ్చి. మా నరసరావుపేటలో ఎప్పుడో మూతపడ్డ క్లబ్బువి తెల్లవీ పచ్చవీ దొరికాయి గానీ, ఎర్రది మాత్రం దొరకలేదు. ఎవరినడిగినా ఆ క్లబ్బు గడపే తొక్కలేదన్నారు. మరి అన్నేళ్లు అది ఎవరితో నడిచిందో!

ఈ రోజు ఉన్నవాటికి ఫ్రేము కట్టించి, ఎర్రదానికి చోటు వదిలి, స్కూటర్ మీద ఇంటికి తెచ్చుకున్నాను. దారిలో చూసినవాళ్లు నేను కొత్త క్లబ్బు పెడుతున్నానని తేల్చేశారు. సాయంత్రం నుంచి వాకింగుకు వచ్చినట్టు ఒక్కొక్కరే మా గేటు దగ్గర ఆగడం మొదలైంది. చివరికి మా వీధి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు కూడా వచ్చారు. పెళ్లి భోజనాల్లో సైతం పేకాట మానమని ఉపన్యాసమిచ్చే మనిషి. అటూ ఇటూ చూసి జేబులోంచి ఎర్ర బిళ్ళ తీశారు.

"ఏమయ్యా, ఇది మీ దగ్గర చెల్లుద్దా?"

నేను గేటు తీసుకుని బయటికి ఉరికాను. "క్లబ్బూ లేదు, ఏం లేదు మాస్టారూ. ఇవి గోడకు తగిలించుకోడానికి. అది నాకిచ్చెయ్యండి, ఎంతైనా ఇస్తా."

"గోడకా! ఏందయ్యా, పోలీసోళ్లకు భయపడి అట్టా చెప్తున్నావులే. తెరిచినప్పుడు కబురు చెయ్యి" అంటూ బిళ్ళను భద్రంగా జేబులో వేసుకుని వెళ్లిపోయారు.

ఆ ఒక్కదాని కోసం క్లబ్బు తెరవక తప్పేట్టు లేదు. మీలో ఎవరూ పేక ముట్టరని నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను, ఎన్ని కుర్చీలు వేయించమంటారు?